రాజుల యుద్ధ విజయాల పాత ఇత్తడి బిళ్లలు: తరచుగా అడిగే ప్రశ్నలు

18వ శతాబ్దపు ఇంగ్లండ్‌లో, జర్మనీలో తయారైన ఇత్తడి విజయ బిళ్లలను కొత్తగా సేకరించేవాళ్లు పదే పదే అడిగే ప్రశ్నలివి. వరుసగా చదవాల్సిన పనిలేదు. డబ్బు ఖర్చుపెట్టే ముందు మాత్రం నకిలీల గురించిన జవాబు, శుభ్రం చేయడం గురించిన జవాబు తప్పకుండా చూడండి.

ఇవి నాణేలా, పతకాలా?

నాణేలు కావు. వీటితో దుకాణంలో ఏదీ కొనే వీలు లేదు. సైనికుడి ఛాతీ మీద ప్రభుత్వం పెట్టే పతకాలు అంతకన్నా కావు. ఒక గెలుపు వార్త రాగానే వీధుల్లో, సంతల్లో జనానికి అమ్మడానికి చేసిన జ్ఞాపిక బిళ్లలు కొన్ని. లెక్కలు వేసుకోవడానికి, పేకాటలో పందెం కాయడానికి వాడిన చిన్న బిళ్లలు మరికొన్ని. వేలం జాబితాల్లో మొదటి రకాన్ని మెడల్ అనీ, రెండో రకాన్ని జెటన్ లేదా కౌంటర్ అనీ రాస్తారు. అమ్మేవాళ్లు చాలామంది అన్నింటినీ కలిపి టోకెన్ అనేస్తారు. పేరు ఏదైనా పర్వాలేదు, మీ చేతిలో ఉన్నది ఏ పని కోసం చేసిందో తెలిస్తే చాలు.

ఇత్తడే ఎందుకు?

చవక కాబట్టి. పైగా కొత్తలో తళతళలాడుతూ బంగారంలా కనిపిస్తుంది. కొలువులో ఉన్నవాళ్లకు బంగారు, వెండి పతకాలు అందేవి. మామూలు జనానికి ఆ మెరుపు ఇత్తడిలోనే దొరికేది. లండన్‌లో గడియారాలు చేసే క్రిస్టఫర్ పించ్‌బెక్ 18వ శతాబ్దం మొదట్లో రాగి, జింకు కలిపి బంగారు రంగు మిశ్రమం ఒకటి తయారుచేశాడు. అందుకే పాత జాబితాల్లో ఈ బిళ్లలకు పించ్‌బెక్ అనే మాట కనిపిస్తుంది. అమ్మేవాళ్లు మాత్రం పసుపు రంగున్న ప్రతి లోహానికీ ఆ పేరు తగిలిస్తారు. ఆ మాట ఉందని ఎక్కువ ధర ఇవ్వకండి.

కొన్ని బిళ్లలకు పైన పలచని బంగారు పూత కూడా ఉండేది. అక్షరాల సందుల్లో, అంచు పక్కన లోతుగా ఉన్న చోట ఆ పూత మిగిలి ఉందేమో లెన్స్‌తో చూడండి.

వీటిని రాజే చేయించాడా?

చాలామంది పొరపడేది ఇక్కడే. బిళ్ల మీద రాజు ముఖం ఉంది కాబట్టి రాజే చేయించాడనుకుంటారు. ఫ్రాన్స్‌లో పద్నాలుగో లూయీ కాలానికి అది కొంతవరకు నిజం. ఆయన మంత్రి కోల్బేర్ 1663లో ఏర్పాటుచేసిన చిన్న పండిత సభ రాజు విజయాలకు తగిన బొమ్మలూ లాటిన్ మాటలూ కూర్చి పెట్టేది. వాటిని పతకాల మీదా బిళ్లల మీదా అచ్చు వేసేవారు.

ఇంగ్లండ్‌లో తయారైన ఇత్తడి బిళ్లల సంగతి వేరు. బొత్తాలు, బకిల్స్ వంటి చిన్న లోహపు సామాన్లు చేసే పనివాళ్లు సొంత పెట్టుబడితో, లాభం కోసం చేసిన సరుకు అది. వార్త వేడిగా ఉన్నప్పుడే అమ్ముకోవాలి కాబట్టి హడావిడిగా చేసేవారు. ఎప్పుడూ చూడని సేనాని ముఖాన్ని ఊహించి చెక్కేవారు. ఒక వీరుడి కోసం చేసిన అచ్చును ఇంకో వీరుడి బొరుసుకు జతచేసేవారు. కాబట్టి వీటిని రాజ శాసనాల్లా చదవకూడదు. ఆ రోజు ఏ వార్తకు జనం డబ్బులిచ్చారో చెప్పే సరుకుగా చూడాలి. నాకు వీటి మీద ఇష్టం కలిగింది కూడా అందుకే.

ఏ విజయాలు ఎక్కువగా కనిపిస్తాయి?

బ్రిటిష్ వైపు నుంచి చూస్తే రెండో జార్జ్ కాలమే పంట కాలం. ఆయన 1743లో డెట్టింగెన్ దగ్గర స్వయంగా సేనను నడిపి ఫ్రెంచివాళ్ల మీద గెలిచాడు. బ్రిటన్ రాజు ఒకరు యుద్ధభూమిలో సేనను నడపడం అదే చివరిసారి. ఆయన కొడుకు కంబర్లాండ్ డ్యూక్ విలియం 1745 డిసెంబరులో కార్లైల్ కోటను తిరిగి పట్టుకున్నాడు. 1746 ఏప్రిల్‌లో స్కాట్లాండ్‌లోని కల్లోడెన్ దగ్గర జాకొబైట్ తిరుగుబాటును, అంటే గద్దె పోగొట్టుకున్న స్టువర్ట్ వంశాన్ని తిరిగి నిలపాలన్నవాళ్ల తిరుగుబాటును, అణచివేశాడు. డ్యూక్ గుర్రం మీద ఉన్న ఇత్తడి బిళ్లలు ఆ రెండేళ్లలో విరివిగా వచ్చాయి. వాటిలో కొన్ని తిరుగుబాటుదారులకు పడిన శిక్షను చూసి సంబరపడతాయి. చేతిలో పట్టుకుంటే కాస్త ఇబ్బందిగానే ఉంటుంది. కల్లోడెన్ తర్వాత స్కాట్లాండ్ కొండ ప్రాంతాల్లో ఏం జరిగిందో చదివినవాళ్లకు మరీను. అదే డ్యూక్ 1745 మే నెలలో ఫాంటెనోయ్ దగ్గర ఫ్రెంచివాళ్ల చేతిలో ఓడిపోయాడు. దాని మీద సంబరం ఫ్రెంచివాళ్లది.

ఇంకొంచెం వెనక్కి వెళ్తే ఇంగ్లండ్ రాజు మూడో విలియం, ఫ్రాన్స్ రాజు పద్నాలుగో లూయీల పోటీ కనిపిస్తుంది. ఇప్పటి బెల్జియంలోని నమూర్ కోటను 1692లో లూయీ పట్టుకున్నాడు. 1695లో విలియం తిరిగి లాక్కున్నాడు. ఇద్దరి పేర్ల మీదా విజయ పతకాలు వచ్చాయి. సేకరించేవాళ్లకు ఇలాంటి జంట దొరకడం కన్నా సంతోషం లేదు.

ఆ తర్వాత జర్మన్ రాజ్యమైన ప్రష్యా రాజు ఫ్రెడరిక్. ఆయనకు విడిగా ఒక జవాబు కావాలి.

ఇంగ్లండ్‌లో చేసిన బిళ్లల మీద ప్రష్యా రాజు ఎందుకున్నాడు?

ఏడేళ్ల యుద్ధంలో (1756-63) ప్రష్యా బ్రిటన్‌కు మిత్రదేశం. 1757లో ఫ్రెడరిక్ నెల రోజుల తేడాతో రెండు పెద్ద విజయాలు సాధించాడు. నవంబరు 5న రోస్‌బాక్ దగ్గర ఫ్రెంచి సేనను, డిసెంబరు 5న లోయితెన్ దగ్గర ఆస్ట్రియా సేనను ఓడించాడు. తమ సొంత సేనానుల నుంచి మంచి వార్త లేక నీరసపడి ఉన్న ఇంగ్లీషువాళ్లకు ఆయన ఒక్కసారిగా హీరో అయిపోయాడు. సత్రాలకు, కల్లు దుకాణాలకు 'కింగ్ ఆఫ్ ప్రష్యా' అని పేర్లు పెట్టుకున్నారు. అమెరికాలో పెన్సిల్వేనియాలో ఆ పేరుతో ఉన్న ఊరికి కూడా అలాంటి సత్రం నుంచే పేరొచ్చింది. 1758 ఏప్రిల్‌లో బ్రిటన్ ఆయనకు 6,70,000 పౌండ్ల సాయం ఒప్పుకుంది.

ఈ బిళ్లలు గుర్తుపట్టడం తేలిక. ఒకవైపు ఫ్రెడరిక్ ఉంటాడు, ఇంకోవైపు యుద్ధం బొమ్మ. లోయితెన్ అనే పేరు కోసం వెతికితే దొరకదు. ఆ యుద్ధాన్ని ఇంగ్లండ్‌లో పక్క ఊరి పేరుతో లిస్సా అని పిలిచేవారు, బిళ్లల మీదా అదే ఉంటుంది. ఇది తెలియని అమ్మకందారు దాన్ని ఏదో తెలియని యుద్ధంగా జాబితాలో పెడతాడు. మీకు అదే అదృష్టం.

ఫ్రెడరిక్ మీద ఆసక్తి కుదిరితే, బిళ్లల పక్కనే జర్మనీలో ఇజర్లోన్ ఊరి పొగాకు పెట్టెలు కూడా చూడండి. పొడుగాటి ఇత్తడి, రాగి పెట్టెలు. మూత మీద ఆయన యుద్ధాలు ఉబ్బెత్తుగా ఉంటాయి. యోహాన్ హైన్రిష్ గీజె పేరు ఉన్నవి బాగా ప్రసిద్ధి.

బిళ్ల మీద ఉన్న విజయం నిజంగా జరిగిందా?

ప్రతిసారీ కాదు! దీనికి అడ్మిరల్ ఎడ్వర్డ్ వెర్నన్‌ను మించిన ఉదాహరణ లేదు.

వెర్నన్ పార్లమెంటులో ఉండగా పనామా తీరంలోని స్పెయిన్ రేవు పోర్టోబెల్లోను ఆరు ఓడలతో పట్టుకోగలనని గొప్పలు పోయాడు. 1739 నవంబరులో అన్నంత పనీ చేశాడు. ఆ వార్త లండన్ చేరగానే జనం ఊగిపోయారు. 'ఆరు ఓడలతోనే పోర్టోబెల్లోను పట్టాడు' అని రాసిన ఇత్తడి బిళ్లలు లెక్కలేనన్ని రకాల్లో వచ్చాయి. ఒక్క నౌకా సేనాని పేరు మీద అన్ని రకాల బిళ్లలు రావడం అరుదు. లండన్‌లో పాత వస్తువుల సంతకు పేరుపడ్డ పోర్టోబెల్లో రోడ్డు పేరు కూడా ఆ గెలుపు నుంచి వచ్చిందే.

అసలు కథ 1741లో మొదలైంది. వెర్నన్ ఇప్పటి కొలంబియాలోని కార్తహేనా మీదికి చాలా పెద్ద నౌకాదళంతో వెళ్లాడు. రేవు ముఖద్వారంలోని కోటలు పడిపోగానే గెలిచేశామన్న వార్త లండన్‌కు వెళ్లింది. బిళ్లలు చేసేవాళ్లు ఆగుతారా? స్పెయిన్ సేనాని డాన్ బ్లాస్ డి లెజో వెర్నన్ ముందు మోకాళ్ల మీద కూర్చుని కత్తి అప్పగిస్తున్నట్టు, చుట్టూ 'స్పెయిన్ పొగరు అణిగింది' అనే అర్థం వచ్చే మాటలతో బిళ్లలు అచ్చు కొట్టేశారు.

జరిగింది వేరు. శాన్ లాజరో కోట మీద దాడి విఫలమైంది. పచ్చజ్వరం సేనను తినేసింది. వేలమంది చనిపోయారు. మే నెలలో వెర్నన్ వెనక్కి మళ్లాడు. లెజో మోకరిల్లనే లేదు. అసలు అంతకు ముందే యుద్ధాల్లో ఆయన ఒక కాలు, ఒక కన్ను పోగొట్టుకున్నాడు, ఒక చెయ్యి పనికిరాకుండా పోయింది. బిళ్ల మీద మాత్రం రెండు కాళ్లతో నిక్షేపంగా ఉంటాడు.

జరగని విజయం ఉన్న బిళ్ల తక్కువరకం కాదు. నా లెక్కలో నిజమైన పోర్టోబెల్లో బిళ్ల కన్నా ఈ అబద్ధపు కార్తహేనా బిళ్లకే ఎక్కువ విలువ. కొనే ముందు మాత్రం యుద్ధం పేరు, ఏడాది చూసి చరిత్ర సరిచూసుకోండి. అమ్మేవాళ్ల వివరణల్లో ఇప్పటికీ 'వెర్నన్ కార్తహేనా విజయం' అని రాస్తూనే ఉన్నారు.

స్పెల్లింగ్ తప్పులున్నాయి. నకిలీ అనుకోవాలా?

అక్కర్లేదు. వెర్నన్ బిళ్లల మీద బ్లాస్ పేరులో ఒక 'ఎస్' ఎక్కువ ఉంటుంది. 'వ్యూయింగ్' అనే మాటలో 'ఐ'కి ముందు 'ఈ' వచ్చి చేరింది. అక్షరం తిరగబడటం, చోటు చాలక మాట మధ్యలో విరగడం మామూలే. అచ్చు చెక్కేవాడు అక్షరాలను కుడి ఎడమలు తిప్పి చెక్కాలి, పైగా తొందర. తప్పులేవీ లేకుండా, అక్షరాలన్నీ కంప్యూటర్‌లో పెట్టినంత సమానంగా ఉంటే అప్పుడు అనుమానించండి.

తేదీలో పదకొండు రోజుల తేడా వస్తోందేమిటి?

బ్రిటన్ 1752 దాకా పాత జూలియన్ క్యాలెండర్ వాడింది. యూరప్‌లో చాలాచోట్ల అప్పటికే కొత్త క్యాలెండర్ ఉంది. అందుకే డెట్టింగెన్ యుద్ధం ఒక లెక్కలో జూన్ 16, ఇంకో లెక్కలో జూన్ 27. రెండూ సరైనవే.

న్యూరెంబర్గ్ బిళ్లలు అంటే ఏవి?

అంకెలు రాసి కూడటం అందరికీ అలవాటు కాని రోజుల్లో, గీతలు గీసిన బల్ల మీద బిళ్లలు జరుపుతూ లెక్కలు చేసేవారు. యూరప్‌కు ఆ బిళ్లలను పెద్ద ఎత్తున చేసి పంపిన ఊరు న్యూరెంబర్గ్. 16వ శతాబ్దం చివర, 17వ శతాబ్దం మొదట్లో హాన్స్ క్రౌవింకెల్ పేరు, తర్వాత లౌఫర్ కుటుంబం పేర్లు తరచుగా కనిపిస్తాయి. పక్కనే ఉన్న ఫ్యూర్త్ ఊళ్లో యోహాన్ క్రిస్టియన్ రైష్ 18వ శతాబ్దంలో ఇదే పని చేశాడు.

కాగితం మీద లెక్కలు వ్యాపించాక ఈ బిళ్లలు పేకాట బల్ల ఎక్కాయి. అప్పుడు రాజుల ముఖాలు, విజయ దేవతలు, కోటల ముట్టడులు బొమ్మలుగా వచ్చాయి. ఈ పనివాళ్లకు పక్షపాతం లేదు. పద్నాలుగో లూయీ బిళ్లా వాళ్లే చేశారు, ఆయన శత్రువులు మూడో విలియం, రాణి ఆన్ బిళ్లలూ వాళ్లే చేశారు. ఏ దేశానికి ఏది అమ్ముడుపోతే అది. ఇవి పలచగా ఉంటాయి, సాధారణంగా 20 నుంచి 30 మిల్లీమీటర్ల లోపు. వెర్నన్ తరహా పెద్ద బిళ్లలు 37, 38 మిల్లీమీటర్ల దగ్గర ఉంటాయి. కొత్తవాళ్లు న్యూరెంబర్గ్ బిళ్లలతో మొదలుపెట్టడమే మంచిది. విరివిగా దొరుకుతాయి, చేసినవాడి పేరు చాలావాటి మీద ఉంటుంది.

గుర్రం మీద మనిషి, కింద 'టు హానోవర్', 1837 అని ఉంది. ఏ యుద్ధం?

ఏ యుద్ధమూ కాదు. విక్టోరియా రాణి అయినప్పుడు, అప్పటిదాకా బ్రిటన్ రాజులే ఏలిన, ఆడవాళ్లకు సింహాసనం దక్కని జర్మన్ రాజ్యం హానోవర్ ఆమె చిన్నాన్న, కంబర్లాండ్ డ్యూక్ ఎర్నెస్ట్ అగస్టస్‌కు వెళ్లింది. జనానికి ఆయనంటే పడదు. పీడ విరగడైందని వేళాకోళం చేస్తూ వచ్చిన బిళ్ల ఇది. సావరిన్ బంగారు నాణెం మీది సెయింట్ జార్జ్ బొమ్మను పోలి ఉండటంతో, అమాయకులకు దీన్ని సావరిన్‌గా అంటగట్టిన మోసగాళ్లూ ఉన్నారు. కల్లోడెన్ డ్యూక్, ఈ డ్యూక్ వేరు వేరు మనుషులు. అమ్మేవాళ్లు ఇద్దరినీ కలిపేస్తుంటారు.

అసలుదో నకిలీదో ఎలా తేల్చుకోవాలి?

ఒక్క పరీక్షతో తేలదు. నాలుగైదు చిన్న విషయాలు కలిపి చూడాలి.

మొదట అరుగుదల. నిజంగా చేతులు మారిన బిళ్ల ఎత్తుగా ఉన్నచోట అరుగుతుంది: ముక్కు, జుట్టు, గుర్రం తుంటి. లోతులో ఉన్న అక్షరాలు వాడిగా మిగులుతాయి. ఎత్తూ పల్లమూ ఒకేలా మొద్దుబారి ఉంటే, అరిగిపోయిన బిళ్ల నుంచి అచ్చు తీసి పోత పోశారని అనుమానం. పోత బిళ్లల మీద సన్నని గుంటలు, ఇసుక రేణువుల్లాంటి గరుకుదనం కనిపిస్తాయి. లోహం చల్లారి కుంచించుకుపోవడం వల్ల అవి అసలుదానికన్నా కాస్త చిన్నవిగా ఉంటాయి. క్యాలిపర్‌తో కొలిచి, మ్యూజియం కొలతలతో పోల్చండి.

తర్వాత అంచు. నడుమ చుట్టూ సన్నని అతుకు గీత ఉంటే రెండు ముక్కలు అతికించిన ఎలక్ట్రోటైప్ (విద్యుత్తుతో లోహం పేర్చి చేసిన నకలు) కావచ్చు. ఆకురాయితో రుద్దిన గుర్తులు మాత్రం వెంటనే నేరం కాదు. పాత పనివాళ్లూ అంచులు రుద్దేవారు.

రంగు. పాత ఇత్తడి ఎక్కడా ఒకే రంగులో ఉండదు. సందుల్లో నలుపు, మధ్యలో గోధుమ, చెయ్యి తగిలే చోట పసుపు. పైన పూసిన ఆకుపచ్చ రంగు అసిటోన్‌లో ముంచిన దూదికి అంటుకుంటే అది చిలుము కాదు, పెయింటు.

చివరిగా లోహం. యూరప్‌లో చాలాకాలం రాగినీ, జింకు ఖనిజాన్నీ మూసలో కలిపి కాల్చి ఇత్తడి చేసేవారు. ఆ పద్ధతిలో జింకు సుమారు 30 శాతం దగ్గర ఆగిపోతుంది. విడిగా తీసిన జింకును నేరుగా కరిగించి కలిపే పద్ధతికి ఇంగ్లండ్‌లో జేమ్స్ ఎమర్సన్ 1781లో పేటెంట్ తీసుకున్నాడు. కాబట్టి 1740 నాటిదంటున్న బిళ్లలో ఎక్స్‌రే పరీక్ష 38 శాతం జింకు చూపిస్తే ఆ బిళ్ల కథ మీద నమ్మకం పోయినట్టే. అంతకన్నా తక్కువ ఉందని పాతది అయిపోదు. ఈ పరీక్ష ఒకవైపే పనిచేస్తుంది. ఖరీదైన బిళ్లకు తప్ప ఈ ఖర్చు దండగ.

మ్యూజియం దుకాణాలు నిజాయితీగా అమ్మిన కాపీలూ ఉన్నాయి. వాటి మీద చిన్న అక్షరాల్లో తయారీదారు గుర్తు ఉంటుంది. ఆ గుర్తును అరగదీసిన చోట బిళ్ల ఉపరితలం తేడాగా మెరుస్తుంది.

చిల్లు పడిన బిళ్ల కొనవచ్చా?

నిరభ్యంతరంగా. ధర తగ్గుతుంది, కథ పెరుగుతుంది. వెర్నన్, కంబర్లాండ్ బిళ్లలను జనం మెడలో, కోటుకు తగిలించుకునేవారు. చిల్లు లోపలి అంచు కూడా మిగతా బిళ్లలాగే నల్లబడి, అరిగి ఉండాలి. కొత్తగా మెరుస్తుంటే ఈమధ్య పొడిచిన చిల్లు.

మెరిసేలా తోమవచ్చా?

వద్దు. పులుపు ఏదైనా సరే, ఇత్తడి పైపొరలోని జింకును ముందు లాగేస్తుంది. బిళ్ల ఎర్రగా, రాగిలా తేలుతుంది. అది మళ్లీ మామూలు రంగుకు రాదు. పాలిష్ పేస్టు సన్నని గీతలను మింగేస్తుంది, వాటితో పాటే బిళ్ల విలువా పోతుంది.

అమ్మోనియా ఉన్న ద్రవాలతో ఇంకా ప్రమాదం. బ్రిటిష్ సైన్యం ఇండియాలో ఇత్తడి తూటాలను గుర్రపుశాలల్లో నిల్వ చేసినప్పుడు వానాకాలంలో అవి వాటంతటవే పగిలాయి. గుర్రాల మూత్రం నుంచి వచ్చిన అమ్మోనియా, తేమ, ఒత్తిడికి గురైన ఇత్తడి కలిసి చేసిన పని అది. మన బిళ్లలు కూడా అచ్చు దెబ్బ తిన్నవే.

మట్టి ఉంటే డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టి మెత్తని బ్రష్‌తో తీయండి. జిడ్డుకు అసిటోన్, గాలి ఆడే చోట, మంటకు దూరంగా. పూర్తిగా ఆరాక పలచగా మైక్రోక్రిస్టలైన్ మైనం రాస్తే చాలు. లేత ఆకుపచ్చ పొడి రాలుతూ, తుడిచినా మళ్లీ వస్తుంటే అది క్లోరైడ్ జబ్బు, అంటే ఉప్పు చేరి లోహాన్ని తినేయడం. దాన్ని మిగతావాటికి దూరంగా పెట్టి, లోహ సంరక్షణ తెలిసినవాళ్లకు చూపించండి.

ఎలా దాచాలి?

మెత్తని పీవీసీ కవర్లు వాడకండి, కాలం గడిచేకొద్దీ ఆమ్లం వదిలి ఆకుపచ్చ జిగురు పట్టిస్తాయి. పాలియెస్టర్ కవర్లు, ఆమ్లం లేని కాగితపు కవర్లు మంచివి. సిలికా జెల్ పొట్లం ఒకటి పెట్టె లోపల ఉంచండి.

బ్రిటన్‌లో మెటల్ డిటెక్టర్‌తో తవ్వి తీసినవి కొనవచ్చా?

చాలా వెర్నన్ బిళ్లలు పొలాల నుంచే వస్తాయి. భూమి యజమాని అనుమతితో తీసి, ఇంగ్లండ్, వేల్స్‌లలో అయితే పోర్టబుల్ యాంటిక్విటీస్ స్కీమ్‌లో (జనానికి దొరికిన పాత వస్తువులను నమోదుచేసే పథకం) నమోదు చేయించిన బిళ్లలకు ప్రాధాన్యం ఇవ్వండి. ఆ నమోదు నంబరు దొరికితే దొరికిన చోటు కూడా బిళ్ల చరిత్రలో చేరుతుంది. స్కాట్లాండ్‌లో చట్టం వేరు. అక్కడ యజమాని లేని పురాతన వస్తువులు ప్రభుత్వానికి చెందుతాయి, దొరికినవాళ్లు తెలియజేయాలి. 'కల్లోడెన్ మైదానంలో దొరికింది' అని గొప్పగా చెప్పే అమ్మకందారు దగ్గర కాగితాలు అడగండి. లేవంటే వదిలేయండి.

ఇండియాలో జరిగిన యుద్ధాల బిళ్లలు ఇత్తడిలో ఉన్నాయా?

ఎక్కువగా అడిగేది శ్రీరంగపట్నం పతకం గురించి. సింహం పులిని అణచివేస్తున్న బొమ్మ, 1799 మే 4 తేదీ. అది రాజు ఇచ్చింది కాదు, ఈస్ట్ ఇండియా కంపెనీది. బర్మింగ్‌హామ్ దగ్గర సోహో టంకశాలలో బంగారం, బంగారు పూత వేసిన వెండి, వెండి, కంచు, తగరంలో కొట్టారు. తర్వాత కలకత్తాలోనూ చేశారు. ఇత్తడిది ఎవరైనా చూపిస్తే అది తర్వాత ఎవరో చేసిన కాపీ అనుకునే బేరం మొదలుపెట్టండి.

వేలం జాబితాలో 'ఎం.ఐ.' అని అంకెలున్నాయి. ఏమిటవి?

బ్రిటిష్ మ్యూజియం 1885లో రెండు సంపుటాలుగా వెలువరించిన బ్రిటిష్ చరిత్ర పతకాల జాబితాకు ('మెడాలిక్ ఇలస్ట్రేషన్స్') అది గుర్తు. అందులోని సంపుటం, పేజీ, వరుస సంఖ్యలవి. మీ బిళ్లకు ఆ సంఖ్య ఇచ్చారంటే కచ్చితంగా అదే రకమని అనుకోకండి. వెర్నన్ బిళ్లల్లో ఓడల వరుస, కత్తి వంపు, అక్షరాల మధ్య చుక్కలు మారితే రకం మారిపోతుంది. అమ్మేవాళ్లు దగ్గరగా ఉన్న సంఖ్య వేసేస్తారు.

నా సేకరణలో ఏయే వివరాలు రాసిపెట్టుకోవాలి?

వ్యాసం, గ్రాముల్లో తూకం, బొమ్మ బొరుసుల మీది మాటలు తప్పులతో సహా, బొమ్మను తిప్పితే బొరుసు నిటారుగా వస్తుందా తలకిందులుగా వస్తుందా అన్నది. ఎక్కడ కొన్నారు, ఎంతకు కొన్నారు, అంతకు ముందు ఎవరి సేకరణలో ఉంది. పాత కాగితపు కవరు, చేతిరాత చీటీ వస్తే పారేయకండి. బిళ్ల మీద నంబరు వేయకండి, కవరు మీద పెన్సిల్‌తో వేయండి. రెండు వైపులా పక్కవాటు వెలుతురులో ఫోటో తీసి పెట్టుకుంటే, రేపు అలాంటిదే ఇంకోటి కనబడినప్పుడు రెండూ ఒకే అచ్చు నుంచి వచ్చాయో లేదో పోల్చుకోవచ్చు.